సువార్తల తులనాత్మక బోధన

సువార్తల తులనాత్మక బోధన అనగా బైబిలు కొత్త నిబంధనలోని మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలను పక్కపక్కన ఉంచి, యేసు జీవితాన్ని నలుగురు రచయితలు ఏయే దృష్టితో చెప్పారో విద్యార్థులు స్వయంగా గుర్తించేటట్లు చేసే బోధనా విధానం. వేదాంత కళాశాలలలో ఇది కొత్త నిబంధన అధ్యయనంలో ఒక భాగం. ఆదివార బడులలోను, సంఘాల బైబిలు తరగతులలోను, కొన్ని దేశాల పాఠశాలలలోను దీనిని వేర్వేరు స్థాయిలలో బోధిస్తారు.

ఈ విధానానికి మూలసూత్రం ఒకటి గలదు. ప్రతి సువార్తను ముందుగా విడిగా, మొదటి నుండి చివరి వరకు చదవాలి. ఆ తరువాత పోల్చాలి. నాలుగింటిని కలిపి ఒకే కథగా చెప్పడం గాని, వాటి భేదాలపై తీర్పు చెప్పడం గాని ఈ రెండు పనులు ముగిసిన తరువాతనే చేయాలి.

== నేపథ్యం ==

కొత్త నిబంధనలోని 27 పుస్తకాలలో మొదటి నాలుగు సువార్తలు. ఇవి గ్రీకు భాషలో రచింపబడినవి. మత్తయిలో 28, మార్కులో 16, లూకాలో 24, యోహానులో 21 అధ్యాయాలు ఉన్నాయి. ఎక్కువమంది పండితుల అభిప్రాయం ప్రకారం మార్కు సువార్త క్రీ.శ. 70 ప్రాంతంలో, మత్తయి, లూకా సువార్తలు 80-90 మధ్య, యోహాను సువార్త 90-100 మధ్య వెలువడ్డాయి. ఇంకా ముందే వెలువడినవని వాదించేవారు కూడా ఉన్నారు.

రచయితల పేర్లు సువార్తల శీర్షికలలో కనిపిస్తాయి గాని కథనం లోపల రచయిత తన పేరు చెప్పుకోలేదు. మార్కు అపొస్తలుడైన పేతురుకు దుబాసీగా ఉండి, ఆయన చెప్పిన సంగతులను వ్రాశాడని రెండవ శతాబ్దికి చెందిన పపియాస్ చెప్పినట్లు చరిత్రకారుడైన యూసేబియస్ నమోదు చేశాడు.

మొదటి మూడు సువార్తలలో సంఘటనలు, వాటి వరుస, చాలాచోట్ల వాక్యాలు కూడా దగ్గరగా ఉంటాయి. అందువలన వీటిని సమాంతర సువార్తలు అంటారు. మార్కులోని సుమారు 660 వచనాలలో దాదాపు 90 శాతం విషయం మత్తయిలోను, సగానికి పైగా లూకాలోను కనిపిస్తుంది. యోహాను సువార్త నిర్మాణంలోను, భాషలోను వీటికి భిన్నమైనది.

== ఆవశ్యకత ==

సువార్తల నడుమ భేదాలు ఉన్నవన్న సంగతి విద్యార్థికి ఏదో ఒకనాడు తెలియక తప్పదు. యేసు వంశావళి మత్తయిలో ఒక విధంగా, లూకాలో మరొక విధంగా ఉన్నది. సమాధి వద్దకు వెళ్ళిన స్త్రీల పేర్లు నాలుగింటిలో ఒకటిగా లేవు. ఈ సంగతిని గురువు ముందుగా చెప్పకపోతే, విద్యార్థి దానిని పెద్దయిన తరువాత, తరచుగా వాదం కోసం చదివేవారి నోట వింటాడు. అప్పుడు అతనికి రెండే దారులు కనిపిస్తాయి. భేదమే లేదని పట్టుబట్టడం ఒకటి, చిన్ననాట తనకు చెప్పినదంతా అబద్ధమని తోసివేయడం రెండవది. ఈ రెండింటిలోను గ్రంథాన్ని శ్రద్ధగా చదవడం జరగదు.

సువార్త రచయితలు తాము ఎంపిక చేసి వ్రాస్తున్నామని దాచలేదు. తనకు ముందు అనేకులు ఇటువంటి వృత్తాంతాలు రచింప పూనుకున్నారని, తాను అన్నిటిని పరిశీలించి వరుసగా వ్రాస్తున్నానని లూకా తన గ్రంథాన్ని థెయొఫిలుకు అంకితమిస్తూ చెప్పాడు (లూకా 1:1-4). యేసు చేసిన సూచక క్రియలు ఇంకా అనేకం ఉన్నవని, చదువరులు విశ్వసించడానికి వీటిని మాత్రం వ్రాయడం జరిగిందని యోహాను సువార్త తెలుపుతుంది (యోహాను 20:30-31). పాఠాన్ని ఈ రెండు భాగాలతో ప్రారంభించడం మంచిది. దృక్కోణం అన్న మాట బయటి విమర్శకులు తెచ్చిపెట్టినది కాదని, రచయితలే చెప్పుకున్నదని విద్యార్థికి అప్పుడు తెలుస్తుంది.

== చరిత్ర ==

=== ప్రాచీన కాలం ===

నాలుగు వేర్వేరు కథనాలు ఉండడం తొలి సంఘాలకు కూడా ప్రశ్నగానే తోచింది. క్రీ.శ. 170 ప్రాంతంలో తతియాను నాలుగింటిని కలిపి ఒకే కథనంగా కూర్చాడు. దీనికి డయాటెస్సరాన్ అని పేరు. సిరియాక్ భాష మాట్లాడే సంఘాలలో ఇది తరతరాలుగా ఆరాధనలో చదవబడింది. అయిదవ శతాబ్దిలో ఎడెస్సా బిషప్పు రబ్బులా విడి సువార్తలనే చదవాలని ఆదేశించాడు. కైరస్ బిషప్పు థియొడొరెట్ తన పరిధిలో 200కు పైగా డయాటెస్సరాన్ ప్రతులను తొలగించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలను ఉంచినట్లు స్వయంగా వ్రాశాడు. ఒకే కథగా చదువుకునే సౌకర్యం చేతిలో ఉండి కూడా, సంఘం చివరకు నాలుగు గ్రంథాలనే నిలుపుకొన్నది.

క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్స్ బిషప్పు ఐరేనియస్ సువార్తలు నాలుగే ఉండాలని వాదిస్తూ, వాటిని నాలుగు దిక్కులతోను, దర్శన గ్రంథాలలోని నాలుగు జీవులతోను పోల్చాడు. తరువాతి కాలంలో మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు పక్షిరాజు అన్న గుర్తులు స్థిరపడ్డాయి. చర్చీల గోడల మీద, అద్దాల మీద కనిపించే ఈ బొమ్మలు నలుగురి దృష్టులు వేరన్న భావనకు చిహ్నాలు.

నాల్గవ శతాబ్ది తొలి భాగంలో యూసేబియస్ సువార్తలను చిన్న భాగాలుగా విభజించి అంకెలు వేసి, ఏ భాగానికి ఏ సువార్తలో పోలిక ఉన్నదో తెలిపే పది పట్టికలు తయారుచేశాడు. సువార్తల పాఠాన్ని మార్చకుండానే పోల్చి చూసే వీలు దీనితో కలిగింది. క్రీ.శ. 400 ప్రాంతంలో అగస్టీన్ సువార్తల ఏకాభిప్రాయంపై ఒక గ్రంథం రచించి, జ్ఞాపకంలోను, వరుసలోను రచయితల మధ్య గల తేడాలను చర్చించాడు.

=== ఆధునిక కాలం ===

1776లో జర్మన్ పండితుడు గ్రీస్‌బాఖ్ మొదటి మూడు సువార్తలను సమాంతర వరుసలలో విడి పుస్తకంగా ముద్రించాడు. అంతకు ముందటి అనేక కూర్పులు ఒకే కథను తయారుచేయడానికి ఉద్దేశించినవి. గ్రీస్‌బాఖ్ కూర్పు భేదాలను ఉన్నవి ఉన్నట్లు చూపడానికి ఉద్దేశించినది.

తరువాత ఏ సువార్త ముందు, ఏది వెనుక అన్న చర్చ సాగింది. మార్కు ముందుగా వ్రాయగా మత్తయి, లూకా అతని గ్రంథాన్ని, దానితోపాటు ఇప్పుడు లభించని మరొక ఉపదేశ సంకలనాన్ని ఉపయోగించుకున్నారన్న సిద్ధాంతాన్ని 1838లో వైస్సె ప్రతిపాదించాడు. ఈ ఊహాత్మక సంకలనాన్ని క్యూ అంటారు. 1924లో బ్రిటిష్ పండితుడు స్ట్రీటర్ ఈ వాదాన్ని విస్తరించాడు. 1955లో ఆస్టిన్ ఫారర్ క్యూ అవసరం లేదని, లూకా మత్తయిని చదివి ఉండవచ్చునని వాదించాడు. ఈ చర్చ నేటికీ ముగియలేదు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం పండితుల దృష్టి మూలాల నుండి రచయితల వైపు మళ్ళింది. 1948లో గుంటర్ బోర్న్‌కామ్ తుపాను అణచిన ఘట్టాన్ని మత్తయి ఎట్లా మలచాడో ఒక చిన్న వ్యాసంలో చూపాడు. 1954లో కోంట్సెల్‌మాన్ లూకాపై, 1956లో మార్క్‌సెన్ మార్కుపై గ్రంథాలు ప్రచురించారు. రచయిత తన మూలాలలో దేనిని ఉంచాడు, దేనిని మార్చాడు, దేనిని చేర్చాడు అని చూసే ఈ పద్ధతికి రెడాక్షన్ క్రిటిసిజం అని పేరు వచ్చింది. తరగతి గదిలోని తులనాత్మక బోధన చాలావరకు ఈ పద్ధతికి సులభరూపం.

1964లో పొంటిఫికల్ బైబిల్ కమిషన్ వెలువరించిన సూచన సువార్తల పుట్టుకలో మూడు దశలను గుర్తించింది. అవి యేసు మాటలు, చేతలు. అపొస్తలుల మౌఖిక ప్రకటన. సువార్త రచయితలు ఎంపిక చేసి గ్రంథస్థం చేయడం. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఆమోదించిన దేయి వెర్బుమ్ పత్రం కూడా దీనినే అనుసరించింది. 1969లో అమలులోకి వచ్చిన కతోలిక పఠన క్రమంలో మొదటి సంవత్సరం మత్తయి, రెండవ సంవత్సరం మార్కు, మూడవ సంవత్సరం లూకా ప్రధానంగా చదవబడతాయి. యోహాను సువార్త ముఖ్యంగా పాస్కా కాలంలో వస్తుంది. ఆ విధంగా ఒక ఏడాది పాటు ఒకే రచయిత గొంతు వినే అవకాశం సామాన్య విశ్వాసికి కూడా లభిస్తున్నది.

== నలుగురు రచయితల దృక్కోణాలు ==

* మత్తయి: యేసును అబ్రాహాము, దావీదుల సంతతిగాను, ధర్మశాస్త్రాన్ని నెరవేర్చే బోధకుడిగాను చూపుతాడు. పాత ప్రవచనం నెరవేరిందని పదేపదే గుర్తుచేస్తాడు. బోధలను 5-7, 10, 13, 18, 24-25 అధ్యాయాలలో అయిదు పెద్ద ప్రసంగాలుగా కూర్చాడు. సంఘం అన్న అర్థం గల గ్రీకు మాట నాలుగు సువార్తలలో ఇతని గ్రంథంలో మాత్రమే ఉన్నది.
* మార్కు: కథ వేగంగా సాగుతుంది. వెంటనే అన్న అర్థం గల మాట సుమారు 40 సార్లు వస్తుంది. యేసు ఎవరో శిష్యులకు సరిగా బోధపడదు. బాధలు పొందే మెస్సీయ, ఆయన వెంట నడవడంలోని కష్టం ఈ గ్రంథపు ప్రధానాంశాలు.
* లూకా: పేదలు, స్త్రీలు, సమరయులు, సుంకరులు ఇందులో ప్రముఖంగా కనిపిస్తారు. ప్రార్థన, పరిశుద్ధాత్మ తరచుగా ప్రస్తావనకు వస్తాయి. మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు ఉపమానాలు ఇక్కడ మాత్రమే ఉన్నాయి. అపొస్తలుల కార్యములు ఇదే రచయిత రెండవ సంపుటం.
* యోహాను: సృష్టికి ముందే ఉన్న వాక్యంతో ప్రారంభమవుతుంది. అద్భుతాలను సూచక క్రియలని పిలుస్తుంది. చిన్న ఉపమానాలకు బదులు దీర్ఘ సంభాషణలు ఉంటాయి. యేసు పరిచర్య సుమారు మూడేళ్ళన్న లెక్కకు ఆధారం ఇందులోని మూడు పస్కా పండుగల ప్రస్తావనే. తక్కిన మూడు సువార్తలలో పరిచర్య కాలంలో ఒకే పస్కా కనిపిస్తుంది.

== బోధనకు అనువైన ఘట్టాలు ==

=== జనన వృత్తాంతం ===

క్రిస్మస్ నాటకాలలో గొర్రెల కాపరులు, జ్ఞానులు ఒకే పశువుల పాకలో కలుసుకుంటారు. మత్తయిలో కాపరులు లేరు. లూకాలో జ్ఞానులు, నక్షత్రం, హేరోదు జరిపిన శిశువధ, ఐగుప్తు ప్రయాణం లేవు. మత్తయి కథ యోసేపు వైపు నుండి నడుస్తుంది. లూకా కథ మరియ వైపు నుండి నడుస్తుంది. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. వారు తెచ్చిన కానుకలు మాత్రం మూడు. మార్కులో జనన వృత్తాంతమే లేదు.

విద్యార్థులు ముందుగా తమకు తెలిసిన క్రిస్మస్ కథను వ్రాసి, తరువాత మత్తయి 1-2, లూకా 1-2 అధ్యాయాలు చదివి, తమ కథలోని ప్రతి అంశం ఎక్కడిదో గుర్తించాలి. రెండింటిలోను లేనివి కూడా బయటపడతాయి. చిన్న తరగతులకు కూడా ఈ అభ్యాసం తగినది.

=== తుపాను అణచుట ===

మార్కు 4:35-41, మత్తయి 8:23-27, లూకా 8:22-25 భాగాలు చిన్నవి కావడం వలన ఒకే పాఠంలో పోల్చవచ్చును. మార్కులో యేసు దోనె వెనుక భాగంలో తలగడపై నిద్రిస్తున్నాడు. పక్కన వేరే దోనెలు కూడా ఉన్నాయి. శిష్యులు ఆయనను నిలదీసినట్లుగా, తమ ప్రాణాలు పోతుంటే పట్టదా అని అడుగుతారు. మత్తయిలో ఆ నిష్ఠూరం లేదు. వారు ప్రభువా అని పిలిచి రక్షించమని వేడుకుంటారు. తలగడ, వేరే దోనెలు కూడా కనిపించవు.

వరుస కూడా మారింది. మార్కులో యేసు ముందు తుపానును అణచి, తరువాత శిష్యులను మందలిస్తాడు. మత్తయిలో అలలు ఎగసిపడుతుండగానే వారి అల్పవిశ్వాసాన్ని గురించి మాట్లాడి, తరువాత తుపానును అణచుతాడు. మత్తయి ఈ ఘట్టానికి ముందే యేసును వెంబడించదలచిన ఇద్దరి కథను ఉంచాడు (మత్తయి 8:18-22). వెంబడించినవారు తుపానులో చిక్కుకున్నప్పుడు ఏమి చేయాలన్నది అతని పాఠమని బోర్న్‌కామ్ వివరించాడు.

=== సిలువ మరణం ===

శుభ శుక్రవారం నాడు తెలుగు సంఘాలలో సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ధ్యానించే ఆచారం ఉన్నది. ఈ ఏడు మాటలు ఏ ఒక్క సువార్తలోను లేవు. మత్తయి, మార్కులలో ఒకే ఒక మాట, అదీ దేవుడు తనను విడిచిపెట్టాడన్న ఆక్రందన, 22వ కీర్తనలోనిది. లూకాలోని మూడు మాటలు క్షమాపణ, పక్కనున్న నేరస్థునికి ఇచ్చిన అభయం, తన ఆత్మను తండ్రికి అప్పగించడం. యోహానులోని మూడు మాటలు తల్లిని శిష్యునికి అప్పగించడం, దాహం, కార్యం పూర్తయిందన్న ప్రకటన.

ఏడింటిని కలిపి ధ్యానించడం భక్తి సంప్రదాయం. దానిని తప్పుపట్టనవసరం లేదు. అయితే మార్కు 15వ అధ్యాయాన్ని మాత్రమే చదివినవారికి ఆ మరణంలోని ఒంటరితనం తెలుస్తుంది. లూకాలోని ఊరట మాటలను వెంటనే తెచ్చి చేర్చితే మార్కు చెప్పదలచినది వినపడదు. అదే విధంగా యోహానులోని యేసు చివరి వరకు పరిస్థితిపై అధికారం గలవాడిగా కనిపిస్తాడు. ఈ భేదం విద్యార్థులకు బోధపడితే తులనాత్మక పఠనంలో ముఖ్యభాగం బోధపడినట్లే.

కాలనిర్ణయంలో కూడా తేడా ఉన్నది. మొదటి మూడు సువార్తలలో కడవరి భోజనం పస్కా భోజనమే. యోహానులో పస్కా భోజనానికి ముందే, సిద్ధపాటు దినాన యేసు సిలువ వేయబడ్డాడు. ఆయనను గొర్రెపిల్లగా మొదటి అధ్యాయంలోనే పరిచయం చేసిన రచయితకు ఈ దినం అర్థవంతమైనది. ఏ లెక్క చారిత్రకంగా సరైనదన్న విషయంలో పండితులు ఏకీభవించలేదు.

=== ఖాళీ సమాధి ===

సమాధి వద్దకు మార్కులో ముగ్గురు స్త్రీలు, మత్తయిలో ఇద్దరు వెళతారు. లూకా ముగ్గురి పేర్లు చెప్పి ఇతరులు కూడా ఉన్నారంటాడు. యోహాను మగ్దలేనే మరియను మాత్రమే పేర్కొంటాడు. నాలుగింటిలోను ఉన్న పేరు ఆమెదే. భేదాల పట్టికతో పాటు ఏకాభిప్రాయాల పట్టిక కూడా వేయించాలనడానికి ఇది మంచి ఉదాహరణ. నాల్గవ శతాబ్దికి చెందిన సినాయి, వాటికన్ ప్రతులలో మార్కు సువార్త 16:8 వద్ద, స్త్రీలు భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదన్న మాటతో ముగుస్తుంది. తరువాతి వచనాలు ఆ ప్రతులలో లేవు.

== బోధనా క్రమం ==

సాధారణంగా ఈ క్రింది క్రమం అనుసరించబడుతుంది.

1. సంపూర్ణ పఠనం: ఒక సువార్తను మొత్తంగా చదివించడం. మార్కు చిన్నది కనుక దానితో ప్రారంభిస్తారు. బిగ్గరగా చదివితే సుమారు రెండు గంటలలో పూర్తవుతుంది.
2. సమాంతర వరుసలు: ఒకే ఘట్టాన్ని రెండు లేక మూడు నిలువు వరుసలలో వ్రాయించడం.
3. రంగులు వేయడం: అన్నింటిలో ఉన్న మాటలకు ఒక రంగు, రెండింటిలో ఉన్నవాటికి మరొకటి, ఒకదానిలోనే ఉన్నవాటికి ఇంకొకటి.
4. పరిశీలన: తేడాలను వ్యాఖ్య లేకుండా జాబితా వేయడం. ఈ దశలో ఎందుకు అన్న ప్రశ్న వేయరాదు.
5. ఊహ: తేడాకు కారణం ఏమై ఉండవచ్చునో చెప్పడం. అదే రచయిత మరొకచోట కూడా అట్లాగే చేశాడా అని సరిచూడడం.
6. సమీక్ష: ఈ ఘట్టం ఈ రచయిత మొత్తం గ్రంథంలో ఏ పని చేస్తున్నదో ఒక పేరాలో వ్రాయడం.

నాల్గవ, అయిదవ దశలను కలిపివేయడం తరచుగా జరిగే పొరపాటు. ఒక్క మాట తేడాపై పెద్ద సిద్ధాంతం కట్టడం మరొక పొరపాటు. యేసు బాప్తిస్మ సమయంలో లూకా మాత్రమే ఆయన ప్రార్థన చేస్తున్నాడని చెప్పాడు (లూకా 3:21). ఒంటరిగా చూస్తే ఇది చిన్న విషయం. పన్నెండుమందిని ఎన్నుకునే ముందు రాత్రి (6:12), రూపాంతర సమయంలో (9:28-29) కూడా లూకా ఇదే చెప్పాడని కనుగొన్నప్పుడు అది రచయిత దృక్కోణానికి సాక్ష్యమవుతుంది.

చిన్న పిల్లలకు కథను ఒక సువార్త నుండి చెబుతూ, ఇది లూకా చెప్పిన కథ అని పేరు చెప్పడం చాలును. ఉన్నత పాఠశాల స్థాయిలో రెండు కథనాలను పోల్చవచ్చును. మూలాల సిద్ధాంతాలు కళాశాల స్థాయికి తగినవి.

== తెలుగు బైబిలుతో బోధన ==

తెలుగులో అచ్చయిన మొదటి సువార్తలు మత్తయి, మార్కు, లూకా. విశాఖపట్నంలో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీకి చెందిన అగస్టస్ దె గ్రాంజెస్ ఆనందరాయరు సహాయంతో చేసిన ఈ అనువాదం 1812లో శ్రీరాంపూరులో ముద్రితమైనది.

అనువాదంతో పోల్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. గ్రీకులో మూడవ పురుష సర్వనామానికి మర్యాద భేదం లేదు. తెలుగులో ఆయన, అతడు, వాడు అన్నవాటిలో ఒకదానిని అనువాదకుడు ఎన్నుకోక తప్పదు. వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో యేసును ఆయన అని, పలువురు ఇతరులను అతడు లేక వాడు అని వ్రాశారు. ఈ తారతమ్యం సువార్త రచయిత పెట్టినది కాదు.

మేము, మనము అన్న భేదం కూడా గ్రీకులో లేదు. తుపాను ఘట్టంలో నశించిపోతున్నది శిష్యులు మాత్రమేనా, నిద్రిస్తున్న యేసుతో సహా అందరా అన్నది మూలంలో తేలదు. తెలుగు అనువాదకుడు మాత్రం తేల్చవలసి వస్తుంది. ఒకే గ్రీకు మాటకు రెండు సువార్తలలో రెండు తెలుగు మాటలు పడినచోట లేని భేదం ఉన్నట్లు తోస్తుంది. అందువలన రెండు అనువాదాలను దగ్గర ఉంచుకుని, ముఖ్యమైన చోట్ల గ్రీకు తెలిసినవారి సహాయం తీసుకోవడం మేలు.

== యూదుల చిత్రణ ==

దృక్కోణాన్ని గుర్తించకపోతే కలిగే కీడుకు చరిత్రలో పెద్ద ఉదాహరణ యూదుల పట్ల ద్వేషం. పిలాతు చేతులు కడుగుకోవడం, జనులు ఆ రక్తానికి బాధ్యతను తమపై, తమ సంతానంపై వేసుకోవడం మత్తయిలో మాత్రమే ఉన్నాయి (27:24-25). యూదులు అన్న మాట మొదటి మూడు సువార్తలలో చాలా అరుదు. యోహానులో సుమారు 70 సార్లు వస్తుంది, తరచుగా యేసును వ్యతిరేకించినవారిని సూచిస్తుంది. యేసు, ఆయన తల్లి, తొలి శిష్యులు అందరూ యూదులే.

ఈ వాక్యాలను సందర్భం నుండి విడదీసి, యూదులందరిపై, అన్ని తరాలపై నేరం మోపడానికి ఐరోపాలో శతాబ్దాల పాటు వాడుకున్నారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ నోస్త్ర ఎతాతె పత్రంలో ఆ నేరారోపణను తిరస్కరించింది. సువార్తలలోని కొన్ని కఠిన ప్రస్తావనల వెనుక తొలి సంఘానికి, యూదు సమాజానికి మధ్య తరువాత ఏర్పడిన సంఘర్షణలు ఉన్నవని 1985లో వాటికన్ వెలువరించిన బోధనా సూచనలు తెలిపాయి. కనుక ఈ భాగాలు బోధించేటప్పుడు రచయిత ఎప్పుడు, ఎవరితో విభేదిస్తూ వ్రాశాడో చెప్పడం తప్పనిసరి.

== భిన్నాభిప్రాయాలు ==

తులనాత్మక బోధన విశ్వాసాన్ని సడలిస్తుందని, లేఖనం దైవప్రేరితమన్న నమ్మకానికి విరుద్ధమని కొందరి ఆక్షేపణ. భేదాలను సమన్వయపరచడమే గురువు కర్తవ్యమని వారి అభిప్రాయం. రెండు వంశావళులలో ఒకటి యోసేపుది, మరొకటి మరియదన్న వివరణ ఇటువంటి సమన్వయాలలో ఒకటి. లూకా పాఠంలో మాత్రం మరియ పేరు వంశావళిలో లేదు.

అయితే లేఖనంలో దోషం లేదని గట్టిగా ప్రకటించిన 1978 నాటి చికాగో ప్రకటన కూడా, విషయానుసారంగా అమర్చడం, సమాంతర కథనాలలో వేర్వేరు అంశాలను ఎంపిక చేయడం దోషాలు కావని తన 13వ అంశంలో స్పష్టం చేసింది. రచయితలు ఎంపిక చేశారన్న విషయంలో సంప్రదాయవాదులకు, ఇతరులకు కొంతవరకు ఏకాభిప్రాయం ఉన్నది. ఆ ఎంపిక ఎంత దూరం వెళ్ళిందన్నదే వివాదం.

మరొక వైపు నుండి వచ్చే విమర్శ, ఈ పద్ధతి తేడాలపైనే దృష్టి పెట్టి రచయితలు ఏకీభవించిన విషయాలను చిన్నచూపు చూస్తుందని. ఊహాత్మకమైన మూలాలపై ఎక్కువగా ఆధారపడుతుందన్న విమర్శ కూడా కలదు. అందువలన 1970ల నుండి ప్రతి సువార్తను సంపూర్ణ కథనంగా చదివే సాహిత్య పద్ధతులు ప్రచారంలోకి వచ్చాయి.

== చట్టం, విద్యాసంస్థలు ==

అమెరికాలో 1963లో అబింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ వర్సెస్ షెంప్ కేసులో సుప్రీం కోర్టు ప్రభుత్వ పాఠశాలలలో భక్తిపూర్వక బైబిలు పఠనాన్ని నిషేధించింది. బైబిలును సాహిత్యంగాను, చరిత్రగాను నిష్పాక్షికంగా అధ్యయనం చేయడానికి మాత్రం అభ్యంతరం లేదని తెలిపింది.

భారత రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధ చేయరాదు. ప్రభుత్వ గుర్తింపు లేక సహాయం పొందే ఇతర సంస్థలలో విద్యార్థి సమ్మతి, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండా అతనిని మతబోధకు హాజరు కమ్మనరాదు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీం కోర్టు మతబోధ వేరు, మతాల గురించి తెలుసుకునే అధ్యయనం వేరని స్పష్టం చేసింది.

తెలుగు రాష్ట్రాలలో ఈ బోధన ముఖ్యంగా వేదాంత కళాశాలలకు, సెమినరీలకు పరిమితం. 1818లో స్థాపితమైన శ్రీరాంపూర్ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు నుండి పట్టాలు ఇచ్చే అధికారం లభించింది. ఆ కళాశాల సెనేట్‌కు అనుబంధమైన సంస్థలలో హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఒకటి. ఇటువంటి కళాశాలలలో చదివిన కాపరులు ఈ జ్ఞానాన్ని సంఘాలలోని ఆదివార బడి ఉపాధ్యాయులకు ఎంతవరకు అందిస్తారన్నదానిపైనే, పిల్లలు నాలుగు సువార్తలను నాలుగుగా వింటారా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

== ఇవి కూడా చూడండి ==

* బైబిలు
* కొత్త నిబంధన
* మత్తయి సువార్త
* మార్కు సువార్త
* లూకా సువార్త
* యోహాను సువార్త